మూగబావి వీధి

మార్చి 3, ఆదివారం

ఆ ఉదయాన్ని పూర్తిగా రాసి పెట్టుకోవాలి. తర్వాత జరిగినవన్నీ వచ్చి దాన్ని తొక్కేయకముందే.

ఫిబ్రవరి పద్నాలుగు, గురువారం. అయిదింటికి లేచాను. కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పట్టింది. దేవుడి పటం ముందు దీపం వెలిగించి ప్రార్థన చేసుకున్నాను. పొయ్యిలో రెండు కట్టెలే పెట్టాను, మూడోది సాయంత్రానికి. వంటింటి మెట్లు దిగి పెరట్లోకి వచ్చాను. మొదటి బండ మీద ఒక కాలు, రెండో బండ మీద ఒక కాలు, మూడోది దాటి నాలుగో దాని మీద. మూడో బండ తొక్కకూడదు. అది నానమ్మ పెట్టిన కట్టుబాటు. ఎందుకని అడిగితే "అక్కడ మనవాళ్ళు నీళ్ళు తాగుతారు" అనేది. అంతకుమించి చెప్పేది కాదు. ఈ ఇంట్లో నడక నేర్చిన అందరి కాళ్ళకూ ఆ దాటు తెలుసు. మా తమ్ముడు జహారియా మాత్రం చిన్నప్పటి నుంచీ కావాలని దాని మీదే ఎగిరేవాడు. యాభై ఏళ్ళొచ్చాయి, ట్రాము నడుపుతున్నాడు, ఇప్పటికీ అంతే.

పాల వరసలో నలభై నిమిషాలు నిలబడితే రెండు సీసాలు దొరికాయి. తిరిగొస్తుంటే కొత్తగా వచ్చిన పోస్టమ్మాయి గేటు దగ్గర ఆపింది.

"అమ్మా, మీది మూగబావి వీధే కదా? మరి బావెక్కడ?"

లోపలి నుంచి జహారియా కేకేశాడు. "అది మూగదమ్మా! ఎక్కడుందో నోరు తెరిచి చెప్పదు."

ఈ మాట మా నాన్న అనేవాడు. అంతకుముందు వాళ్ళ నాన్న అనేవాడట. వీధిలో బావిని చూసినవాళ్ళు లేరు.

తర్వాత ఎఫ్తిమియే చర్చికి వెళ్ళాను. మా గేటు నుంచి అరవై అడుగులు. గుమ్మం పక్కన రెండు రేకు పెట్టెలుంటాయి. ఎడమది బతికున్నవాళ్ళ కొవ్వొత్తులకు, కుడిది పోయినవాళ్ళ కొవ్వొత్తులకు. ఇసుకలో పడ్డ మైనం గీకి తీసే పని పదకొండేళ్ళుగా నాది. గీకిన మైనం లోపల సర్దుతుండగా జహారియా డ్యూటీకి పోతూ లోపలికి తొంగి చూశాడు. మరదలు సబీనా తోస్తే తప్ప వాడు చర్చి గడప తొక్కడు.

"అక్కా, నీ నడుం నొప్పికి ఒకటి వెలిగించాను. సబీనా అడిగితే చెప్పు" అని ట్రాము అందుకోవడానికి పరుగెత్తాడు.

వెళ్ళి చూద్దును కదా, నా కొవ్వొత్తి కుడి పెట్టెలో వెలుగుతోంది. ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి ఎడమ పెట్టెలోకి మార్చాను. నవ్వొచ్చింది. ఒంటరిగా, చర్చిలో, పైకే నవ్వాను.

అదీ ఆ ఉదయం.

మధ్యాహ్నం సర్కారు మనుషులు ముగ్గురు వచ్చి గేటు మీద ఎర్ర రంగుతో అంకె వేసి వెళ్ళారు.

మార్చి 5

సర్కారు కొత్త కట్టడాల కోసం కొండ మీద నుంచి దంబోవిత్స నది దాకా ఇళ్ళన్నీ పోతాయట. మాది అక్టోబరులో. ప్రార్థన చేసుకున్నాను. ఇంకేం రాయను.

మార్చి 9, శనివారం

చర్చిని కూల్చరట. జరుపుతారట.

ఇంజనీరు తోమ్ష అనే ఆయన వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి, కళ్ళ కింద నలుపు, కోటు జేబులో ఎండు రొట్టెముక్క. వంటింట్లో కూర్చోబెట్టి లిండెన్ పూల కషాయం ఇచ్చాను. కప్పు చేతుల వెచ్చదనానికే పట్టుకున్నాడు, తాగడం మరిచిపోయాడు.

"గోడల్ని పునాది దగ్గర కోస్తామమ్మా. కింద కాంక్రీటుతో పళ్ళెంలాంటిది పోస్తాం. చర్చి మొత్తం ఆ పళ్ళెంలో కూర్చుంటుంది. పళ్ళేనికి చక్రాలు, చక్రాల కింద పట్టాలు. రెండువందల పది మీటర్లు లాగి, కొత్తగా కట్టే ఇళ్ళ వెనక దించుతాం."

జహారియా నోరు తెరిచి విన్నాడు. "ముప్పై ఏళ్ళుగా పట్టాల మీదే బతుకుతున్నాను, ఇలాంటి బండి చూళ్ళేదు. స్టాపులు ఎక్కడెక్కడ సార్?"

"మీ పెరట్లో ఒకటి" అన్నాడు తోమ్ష నవ్వకుండా. "పట్టాలు మీ పెరటి అంచు మీదుగానే పోతాయి. ఇంటి జోలికి రాంలెండి. ఇల్లు అక్టోబరు దాకా ఉంటుంది."

సబీనా గట్టిగా ఊపిరి వదిలింది. వాళ్ళమ్మాయి ఇలింకాకు ఏడో నెల. అల్లుడు కాన్‌స్టాంట్సా రేవులో పని, నెలకోసారి వస్తాడు. కొత్త ఫ్లాట్లు అక్టోబరుకు గాని తయారవవు. అందాకా దక్షిణం వైపు గది, ఎండ పడే గది, ఇలింకాది. ఉయ్యాల కూడా అటక మీద నుంచి దించాం. మేమందరం తొంగున్న ఉయ్యాల అది.

"కదిలేటప్పుడు లోపల ఎవరైనా ఉంటారా?" అని అడిగాను.

"నేనుంటానమ్మా. కింద జాకీల దగ్గర నలభై మంది ఉంటారు."

చెప్పేటప్పుడు ఆయన చేయి బల్ల మీద ఆగింది. ఇంతవరకు నాలుగు చర్చిల్ని జరిపాడట. ఒక్కదానిలో గోడ మీది పటం కూడా వంకర పోలేదట. రాళ్ళు, సున్నం, రెండువందల ఏళ్ళ ధూపం, లేచి నడుస్తాయా?

మార్చి 17, ఆదివారం

చెల్లి వెతూరియా నగర పటాలు గీసే ఆఫీసులో పని చేస్తుంది. పాతికేళ్ళుగా పేర్లు రాసింది. ఈ చలికాలం నుంచి గీకుతోంది. పారదర్శకపు కాగితం మీద సిరాతో రాసిన వీధి పేరుని బ్లేడుతో, కాగితం చిరక్కుండా గీకి తీసెయ్యాలి. అంత నిదానం ఉన్న చెయ్యి ఆఫీసులో దానిదొక్కటే.

ఇవాళ చిక్కుళ్ళు ఏరుతూ చెప్పింది. "నిన్న పదకొండు పోయాయక్కా. మైనం కాచేవాళ్ళ వీధి. చలినీళ్ళ సందు. మూడు మల్బరీల వీధి. తోళ్ళు ఆరేసే దిబ్బ. గీకుతుంటే సిరా పొడి రాలుతుంది, ఊదేస్తాను. మైనం కాచేవాళ్ళ వీధి అంతా కలిపి గోరు మీద పట్టేంత పొడి."

"మూడు మల్బరీలు ఉన్నాయా అసలు అక్కడ?" అన్నాడు జహారియా.

"ఒకటుండేది. నా చిన్నప్పుడు కొట్టేశారు."

"మరి మైనం?"

"ఆ వీధిలో పాత ఇంటి నేలమాళిగ తవ్వితే మైనం ముద్ద దొరికిందట అన్నయ్యా. మనిషి తలంత ఉందట. నూటయాభై ఏళ్ళుగా ఎవరూ మైనం కాచలేదక్కడ."

చిక్కుడుగింజలు గిన్నెలో పడుతున్న చప్పుడు.

వెతూరియా మళ్ళీ అంది. "ఇంకో సంగతి. గీకిన కాగితం వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే పేరు కనబడుతుంది. సిరా పోతుంది గాని, కలం నొక్కిన గాడి పోదు."

రాత్రి ప్రార్థనలో ఆ పేర్లన్నీ నోటికి వచ్చాయి. ఎందుకో తెలియదు. ఆపలేదు.

మార్చి 20, బుధవారం

తోమ్ష మనుషులు పెరట్లో కొయ్యమేకులు పాతి ఎర్ర దారం కట్టారు. పట్టాలు పోయే దారి అది. దారం గోడ మూల నుంచి వచ్చి మెట్ల ముందు నుంచి పోయింది. మూడో బండ మీదుగా.

దారం దాటి లోపలికి వచ్చాను. బండ కూడా దాటాను.

మార్చి 21

ఈస్టర్ తర్వాతి శుక్రవారం ఊటల పండుగ. ఆ రోజు ఫాదర్ ఇళ్ళలో బావుల్ని, కుళాయిల్ని ఆశీర్వదిస్తాడు. మా ఇంట్లో మాత్రం కుళాయి అయ్యాక బయటికి వచ్చి ఆ బండ మీద కూడా పవిత్రజలం చల్లేవాడు. నానమ్మ పిలుచుకొచ్చేది. తర్వాత అమ్మ పిలిచేది. అమ్మ పోయాక నేను పిలుస్తున్నాను. ముగ్గురు ఫాదర్లు మారారు, ఎవరూ ఎందుకని అడగలేదు. నేనూ అడగలేదు.

రాయి ఊరికే రాయి.

మార్చి 22

రాయి ఊరికే రాయి. ముసలివాళ్ళ అలవాట్లు. వాళ్ళు మట్టి పరీక్షలు చేసుకునే ఉంటారు, పెద్ద చదువులు చదివినవాళ్ళు.

మార్చి 25

మంగళవార్త పండుగ. ఉపవాసాల్లో ఇవాళ చేప తినొచ్చు, దొరకలేదు. నా మనసు ప్రశాంతంగానే ఉంది.

మార్చి 28

ప్రశాంతంగా లేదు.

మార్చి 31, ఆదివారం

వెతూరియాని అడిగాను, పాత పటాల్లో మన వీధి ఎలా ఉందని. మామూలుగా అడిగినట్టే అడిగాను. దానికి తెలిసిపోయింది. జహారియాకి కూడా. అక్కచెల్లెళ్ళు గుసగుసలాడితే వాడికి ఎప్పుడూ తెలిసిపోతుంది.

"అన్నిటికంటే పాత పటంలో కూడా మూగబావి సందు అనే ఉంది" అంది వెతూరియా. "చుట్టుపక్కల బావులన్నిటికీ చిన్న సున్నాలు గీశారు. మన సందులో మాత్రం సున్నా లేదు."

"లేదు కదా! ఇంకేం?" అన్నాడు జహారియా.

"అప్పటికే మూసేసి ఉంటే లేకపోవచ్చు. పేరు మాత్రం అప్పటికే పాతది."

"అక్కా, ఇటు చూడు." వాడు గ్లాసు కింద పెట్టాడు. "నువ్వేం ఆలోచిస్తున్నావో నాకు తెలుసు. ఆ బండ సంగతి వాళ్ళకి చెబుతావు. వాళ్ళు తవ్వుతారు. ఏమీ లేకపోతే మనల్ని చూసి నవ్వుతారు, పోనీలే. ఏదైనా ఉంటే? దాన్ని నింపాలి, గట్టి చెయ్యాలి, పెద్ద యంత్రాలు రావాలి. యంత్రాలు ఎటు నుంచి వస్తాయి? మన వంటింట్లోంచి! ఇల్లు అక్టోబరు దాకా ఉండదు. నా కూతురు ఎక్కడ కంటుంది? ట్రాములోనా?"

"అరవకు" అంది సబీనా. తర్వాత నా వైపు తిరిగింది. "వదినా, ఆయన మాట తీరు వదిలెయ్. మాట మాత్రం నిజమే. కూలీల హాస్టల్లో ఒక గది ఇస్తారట, వరండా చివర ఒక్కటే కుళాయి. అక్కడ పసిగుడ్డుతో ఎలా?"

నేను ఎటూ చెప్పలేదు. ఎటూ చెప్పకపోవడం కూడా ఒక వైపేనని ఇప్పుడు, రాస్తుంటే, అనిపిస్తోంది.

ఇలింకా అప్పటిదాకా కుడుతూనే ఉంది. దారం పంటితో కొరికి అడిగింది. "పెద్దత్తా, ఆ నలభై మంది ఎక్కడుంటారన్నాడు ఇంజనీరు?"

"కింద. జాకీల దగ్గర."

"పిల్లలున్నవాళ్ళేగా?"

జహారియా లేచి పెరట్లోకి వెళ్ళాడు. కిటికీలోంచి చూశాను. బండ దగ్గర ఆగాడు. మొదటిసారి, దాటి వెళ్ళాడు.

ఏప్రిల్ 4, గురువారం

చెప్పాను.

తోమ్ష నవ్వలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మూడు చోట్ల తవ్వి చూశామమ్మా, గట్టి నేలే. ఇక్కడ తవ్వలేదు." తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "నాలుగు నెలలుగా ప్రతి కాగితం మీదా రాస్తున్నాం, మూగబావి వీధి, మూగబావి వీధి అని. సంతకాలు పెట్టాం, ముద్రలు వేశాం. ఒక్కడూ చదవలేదు."

గునపంతో బండ అంచు ఎత్తారు. కింద పిడికెడు మట్టి, దాని కింద ఓక్ చెక్కల మూత. నల్లగా ఉంది, గునపం తగిలితే ఇనుములా మోగింది. నలుగురు కలిసి తీశారు.

ముందు చలి వచ్చింది. ముఖాలకు తగిలింది. ఎండ కాస్తున్న పూట, ఏప్రిల్ నెల. కింద ఎవరో ఎన్నో ఏళ్ళుగా బిగబట్టిన ఊపిరి మెల్లగా వదిలినట్టుంది. పనివాళ్ళలో ఒకడు సిలువ గుర్తు వేసుకుని వెనక్కి జరిగాడు.

గుండ్రటి ఇటుక గోడ. ప్రతి ఇటుక మీదా ఒక బొటనవేలి గుర్తు. పచ్చిగా ఉన్నప్పుడు నొక్కినది. అన్నీ ఒక్క వేలివే. ఒక్క మనిషి చేసిన ఇటుకలు, చీకట్లోకి, వరస కింద వరస.

"యంత్రాలు ఆపండి" అన్నాడు తోమ్ష.

ఆపారు. వీధంతా నిశ్శబ్దమైంది. చాన్నాళ్ళకు పిచ్చుకలు వినబడ్డాయి. ఆయన ఒక రాయి తీసి వదిలాడు.

విన్నాం. ఏమీ లేదు.

ఇంకొకటి వదిలాడు. అందరం వంగి విన్నాం, పదిహేను ఇరవై మందిమి. ఏమీ లేదు.

"అయితే అందుకా..." అన్నాడు జహారియా. "అందుకా ఆ పేరు."

తోమ్ష తాడుకు బరువు కట్టి దించాడు. ఇరవై రెండు మీటర్లు. బరువుకు అంటుకుని అడుగు నుంచి మెత్తటి ఒండ్రు వచ్చింది, నల్లగా, వెన్నలా. "రాయి దీనిలో మునిగిపోతుంది. చప్పుడు పైకి రాదు" అన్నాడు. చెప్పేసి, తను చెప్పింది తనకే చాలనట్టు మళ్ళీ లోపలికి చూశాడు.

"పళ్ళెం దీని మీదికి వచ్చేసరికి ఆరువందల టన్నులమ్మా." తోమ్ష అంతే అన్నాడు. మిగతాది మేమందరం అనుకున్నాం.

జహారియా మెట్ల మీద కూలబడ్డాడు. "యాభై ఏళ్ళు దీని మీద ఎగిరానక్కా."

"తెలుసు" అన్నాను. "అందుకేగా నానమ్మ నిన్ను కొట్టేది."

ఇద్దరం నవ్వాం. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి.

నానమ్మకు బావి సంగతి తెలుసా? తెలియదనుకుంటాను. దాటడమే తెలుసు. ఆవిడకు ముందు ఇంకెవరో, వాళ్ళకు ముందు ఇంకెవరో. ఎవరో ఒకరికి తెలుసు. ఆ ఒక్కరి భయం మా అందరి కాళ్ళలోకి వచ్చి ఇవాళ నలభై మందిని ఆపింది. నీ దారులు మాకు అందవు ప్రభూ.

ఏప్రిల్ 5

ఇరవై రెండో తేదీకల్లా ఇల్లు ఖాళీ చెయ్యాలి.

ఏప్రిల్ 6

నేను ఇచ్చేసింది నాది కాదు. ఎండ పడే గది ఇలింకాది.

దానికి ఆ మాట చెప్పాను. "ఎండ ఎక్కడైనా పడుతుందిలే పెద్దత్తా" అంది. ఆ హాస్టల్ ఉత్తరం వైపుకు ఉందని దానికి తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు.

ఏప్రిల్ 14, ఈస్టర్

క్రీస్తు లేచెను.

ఎనిమిది గుడ్లు దొరికాయి. ఉల్లిపొట్టుతో ఎర్రరంగు వేశాను. ఆరాధన సగం మందితోనే జరిగింది, మిగతావాళ్ళు అప్పుడే వేరే చోట్లకు వెళ్ళిపోయారు. చర్చి ఇప్పటికే నేల నుంచి తెగిపోయి ఉంది. కింద కాంక్రీటు. లోపల నిలబడితే తేడా తెలియలేదు. ఫాదర్ నికిఫోర్ "క్రీస్తు లేచెను" అన్నప్పుడు అందరం ఎప్పటికంటే గట్టిగా జవాబిచ్చాం, "నిజముగా లేచెను" అని. గోడల్ని పట్టి నిలిపేవి ఆ మాటలే అన్నట్టు.

ఏప్రిల్ 19, ఊటల శుక్రవారం

బావిని పదిహేనో తేదీనే నింపాల్సింది. తోమ్ష "కంకర రాలేదు" అని కాగితం రాసి పంపాడు. కంకర గోడ పక్కనే గుట్టగా ఉంది. మేమందరం చూస్తూనే ఉన్నాం. ఆయన దాని మీదే కూర్చుని రొట్టె తిన్నాడు.

ఫాదర్ నికిఫోర్ పది గంటలకు వచ్చాడు. కుళాయి ఆశీర్వదించాడు. తర్వాత పెరట్లోకి వచ్చాడు. ఇన్నేళ్ళూ రాతి మీద చల్లిన చోట ఇవాళ తెరిచిన నోరు ఉంది. ప్రార్థనల పుస్తకం తెరిచి, చదవలేక ఆగాడు. "పిల్లలూ, నేను దీన్ని చదవడానికి వస్తూ ఇరవై ఏళ్ళయింది. ఎవరికి చదువుతున్నానో తెలియదు" అన్నాడు. అప్పుడు చదివాడు.

నింపడానికి ముందు ఒండ్రు తోడేశాక రెండు వారాల్లో నీళ్ళూరాయి, ఒక మనిషి లోతున. జహారియా బకెట్ లాగాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, పళ్ళు జివ్వుమనేంత చల్లగా. పింగాణీ కప్పుతో అందరికీ ఇచ్చాను. పనివాళ్ళు వరసలో నిలబడ్డారు. తొయ్యలేదు, గొడవ లేదు. ఇంత నెమ్మదైన వరసని ఈ మధ్య చూడలేదు.

"ఎంతమంది తాగి ఉంటారో దీంట్లో!" అన్నాడు వాళ్ళలో ఒక పెద్దాయన.

"ఇవాళ్టితో ఇంకో నలభై" అన్నాడు జహారియా.

తోమ్ష చివర తాగాడు. కప్పు తిరిగిస్తూ అన్నాడు. "ఇసుకా గులకరాళ్ళతోనే నింపుతానమ్మా, పైన మాత్రం కాంక్రీటు దిమ్మె. నీళ్ళు ఇన్నాళ్ళూ ఎటు పోతున్నాయో అటే పోతాయి. వాటినేం చెయ్యను."

నానమ్మ మాట గుర్తొచ్చింది. అక్కడ మనవాళ్ళు తాగుతారు. ఇవాళ మేమే ఆ మనవాళ్ళం.

ఏప్రిల్ 22

వెళ్ళేటప్పుడు నా కాళ్ళు మూడో బండ ఉన్నచోటు దాటాయి. అక్కడ బండ లేదు.

మే 4

హాస్టల్. నాలుగో అంతస్తు. అయిదుగురికి ఒక గది. ఉయ్యాల అల్మరా పక్కన పట్టింది. పటానికి గోడ మీద మేకు దిగదు. కిటికీ గట్టున పెట్టాను.

మే 23

ఆడపిల్ల. మూడు కిలోలు. తల్లీబిడ్డా క్షేమం. దేవునికి స్తోత్రం, దేవునికి స్తోత్రం.

జూన్ 2

బిడ్డ రాత్రంతా ఏడుస్తుంది. వరండాలో కుళాయి నీళ్ళు సాయంత్రం రెండు గంటలే. సబీనా ఏమీ అనదు. ఆ అనకపోవడం వింటున్నాను.

జూన్ 12, బుధవారం

ఇవాళ జరిగింది.

ఉదయం ఏడింటికి వెళ్ళాం, నేనూ జహారియా, సబీనా. ఇలింకా కూడా బిడ్డనెత్తుకుని వచ్చింది. మా వీధి ఉన్న చోట పచ్చి మట్టి, దాని మీద నాలుగు వరసల పట్టాలు. చర్చి వాటి మీద కూర్చుని ఉంది, శిఖరంతో సహా. కొవ్వొత్తులు వెలిగించకూడదన్నారు. రెండు పెట్టెల్లో ఇసుక సాపు చేసి వచ్చాను. తోమ్ష లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఈల ఊదారు. జాకీలు మూలిగాయి. ఏమీ కదల్లేదు.

"ఏమీ కదల్లేదు" అన్నాను.

"కదిలింది" అన్నాడు జహారియా. వాడు పట్టా మీద సుద్దతో గీత పెట్టి ఉంచాడు. వంగి చూపించాడు. గీతకీ చక్రానికీ మధ్య వేలు పట్టేంత సందు. "కదులుతోందక్కా. కంటికి కనిపించదు గాని కదులుతోంది."

నిజంగా కనిపించలేదు. చూస్తే నిలబడే ఉంది. వేరే వైపు చూసి మళ్ళీ చూస్తే వెనక ఉన్న మేఘం శిఖరానికి ఇంకో పక్క ఉంది. పావురాలు పైనే కూర్చుని వచ్చాయి, లేవలేదు. రాళ్ళు, సున్నం, ధూపం. మోకాళ్ళ మీద కూర్చున్నాను. ప్రార్థన ఒక్కటీ గుర్తు రాలేదు. చూడడమే ప్రార్థన అయింది.

మధ్యాహ్నం మూడు దాటాక మా పెరటి చోటికి చేరింది. బావి మీద పోసిన దిమ్మె మీదికి ముందు చక్రాలు ఎక్కేముందు మళ్ళీ ఈల. అందరూ ఆగారు. కింద నుంచి ఒకడు చెయ్యి పైకెత్తాడు. నేను ఊటల శుక్రవారం నాడు వాళ్ళందరి చేతికీ కప్పు ఇచ్చాను. ఇది ఎవరి చెయ్యో గుర్తుపట్టలేదు, అయినా అదే చెయ్యి అనిపించింది.

జాకీలు మూలిగాయి. చక్రం ఎక్కింది. దిమ్మె నుంచి ఒక శబ్దం వచ్చింది, పొడుగ్గా, లోతుగా. అది కాంక్రీటు మీద బరువు పడే శబ్దమని తర్వాత చెప్పారు. సబీనా నా చెయ్యి పట్టుకుంది. ఇల్లు ఖాళీ చేసినప్పటి నుంచి మొదటిసారి.

రెండు గంటలు పట్టింది దాటడానికి. దాటింది.

తోమ్ష తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా తడిసిపోయింది. జనంలో వెతికి, నన్ను చూసి, తల వంచాడు. నేనూ వంచాను.

సాయంత్రం హాస్టల్ గదికి వెతూరియా ఆలస్యంగా వచ్చింది. కోటు విప్పకుండానే మంచం మీద కూర్చుంది.

"మన కాగితం ఇవాళ నా బల్ల మీదికి వచ్చింది" అంది. "ఇంకొకళ్ళకి ఇవ్వచ్చు. ఇవ్వలేదు. వాళ్ళు గీకితే చిరిగేది."

"గీకేశావా?" అన్నాడు జహారియా.

"గీకాను. వెలుతురుకి ఎత్తి చూశాను కూడా." అంతే చెప్పింది.

సబీనా సూపు వడ్డించింది. బిడ్డ ఇలింకా ఒళ్ళో నిద్రపోయింది. జహారియా చెంచా తిప్పుతూ కూర్చున్నాడు.

"అక్కా, చర్చిలో కొవ్వొత్తులు మళ్ళీ ఎప్పటి నుంచి?"

"ఆదివారం."

"మన వీధికి ఒకటి వెలిగించాలి."

"మనుషులకి వెలిగిస్తారు గాని వీధికేంటి?" అంది సబీనా. మళ్ళీ తనే అంది. "వెలిగించు. కుడివైపు పెట్టెలో కదా. పోయింది కదా పాపం."

అందరూ నా వైపు చూశారు. పెద్దదాన్ని, చర్చి పెట్టెలు చూసేదాన్ని. నాకు తెలియలేదు. నిజంగా తెలియలేదు. అలాగే చెప్పాను.

"నీళ్ళు పోతూనే ఉన్నాయన్నాడుగా ఇంజనీరు" అంది ఇలింకా. "కింద నుంచి."

"కాగితంలో గాడి కూడా ఉంది" అంది వెతూరియా.

జహారియా చెంచా కింద పెట్టాడు. "దాని పేరు పుణ్యాన నలభై మంది క్షేమంగా ఇళ్ళకు వెళ్ళారు ఇవాళ. పోయినవాళ్ళు అలాంటి పనులు చెయ్యరు."

సబీనా బిడ్డ వైపు చూసింది. చాలాసేపు చూసింది. "సరే. ఎడమ పెట్టెలో" అంది.

అలా నిర్ణయమైంది. ఆదివారం అందరం వెళ్తాం, చంటిదాన్ని ఎత్తుకుని. మూగబావి వీధి పేరున ఒక కొవ్వొత్తి, బతికున్నవాళ్ళ పెట్టెలో. వెలిగించేది జహారియా. ఏది ఏ పెట్టో నేను వాడికి చెప్పకూడదని కూడా నిర్ణయమైంది.